పదిహేడు పేర్లు, ఒక ఖాళీ గీత

గాయపడిన క్రీడాకారులతో పనిచేసే మాలో చాలామందికి ఒక అలవాటు ఉంది. మొదటి పరిచయంలోనే "నీకు తోడుగా ఎవరున్నారు?" అని అడుగుతాం. "అందరూ ఉన్నారు" అనే జవాబు రాగానే ఆ గడిలో టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్తాం. ఈ కేసులో నేనూ అలాగే వెళ్లాను. మూడు నెలలు తిరక్కుండానే అదే అమ్మాయి తన మోకాలి వాపును తొమ్మిది రోజులపాటు అందరి దగ్గరా దాచింది, నా దగ్గర కూడా. క్రీడా మనస్తత్వ నిపుణురాలిగా ఇన్నేళ్ల పనిలో నేను ఎక్కువసార్లు వెనక్కి తిరిగి చూసుకున్న కేసు ఇదే.

క్రీడాకారిణి అనుమతితో రాస్తున్నాను. రాతప్రతి చదివి ఆమె రెండుచోట్ల నన్ను సరిదిద్దింది. జట్టు, ఊరు, పోటీల వివరాలు తీసేశాను. గుర్తుపట్టడానికి వీలున్న మరికొన్నింటిని మార్చాను. నెలల లెక్క అంతా శస్త్రచికిత్స జరిగిన రోజు నుంచి.

నేపథ్యం

ఆమెకు అప్పుడు 21 ఏళ్లు. ఆట హ్యాండ్‌బాల్. పద్నాలుగో ఏట ఇల్లు వదిలి శిక్షణ కేంద్రం హాస్టల్లో చేరింది. ఏడేళ్లుగా లేవడం, చదవడం, పడుకోవడం అన్నీ జట్టు వేళల ప్రకారమే. స్నేహితులంతా జట్టులోని వాళ్లే. ఆమెలోని ఎగిరే సత్తాను చిన్నప్పుడే కనిపెట్టి తీసుకొచ్చిన కోచ్ ఆమెకు గురువు, సంరక్షకుడు. జట్టు ఎంపికలో ఆఖరి మాట కూడా ఆయనదే. ఈ చివరి వాక్యం ఎంత ముఖ్యమో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గాయం సాధన చివరి పావుగంటలో అయింది. గోల్ మీదికి ఎగిరి, బంతి విసిరి, ఎడమకాలిపై దిగింది. ఎవరూ తగల్లేదు. మోకాలు లోపలికి ఒరిగింది. తాడు తెగినట్టు ఒక శబ్దం పక్కనున్న ఇద్దరికి వినిపించింది. ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే లిగమెంటు, పూర్తిగా తెగింది. ఈ లిగమెంటు ఎక్కువగా తెగేది ఇలాంటి చోటే. ఢీకొట్టే ప్రత్యర్థి అవసరం లేదు, ఒంటికాలిపై దిగడమో పరుగులో ఉన్నట్టుండి దిశ మార్చడమో చాలు. ఆరు వారాల తర్వాత శస్త్రచికిత్స చేసి కొత్త లిగమెంటు (గ్రాఫ్ట్) అమర్చారు.

మొదటి నాలుగు నెలలు ఆమెను ఆపడమే ఫిజియోకు కష్టమైంది. చెప్పినదానికన్నా ఎక్కువ చేసేది. ఆ సమయంలో జట్టు హాస్టల్లోనే ఉంది, రోజూ ఎవరో ఒకరు జిమ్‌కు తోడు వచ్చేవారు. అయిదో నెలలో జట్టు పోటీలకు ప్రయాణాలు మొదలుపెట్టింది. మ్యాచ్‌కు వెళ్లే 16 మందిలో ఆమె పేరు లేదు, ఉండే వీలూ లేదు. గది అదే, మంచం అదే. చుట్టూ మంచాలు మాత్రం ఖాళీ.

నా దగ్గరికి వచ్చేసరికి

ఏడో నెలలో ఫిజియో ఆమెను నా దగ్గరికి పంపారు. తొడ ముందు కండరాల బలం రెండో కాలితో పోలిస్తే 83 శాతం. ఒంటికాలి గెంతు దూరం 74 శాతం. చివరి 12 సెషన్లలో 5 ఎగ్గొట్టింది. నిద్ర సరిగా లేదు, చిన్న మాటకే కస్సుమంటోంది. ఉత్తరం చివర ఫిజియో చేత్తో రాసిన వాక్యం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది: "గ్రాఫ్ట్ బాగుంది. కండరం పెరుగుతోంది. మనిషి తగ్గిపోతోంది."

మాట్లాడే ముందు ఒకసారి చూద్దామని ఆమె గెంతు పరీక్షకు వెళ్లాను. నేలమీద తెల్లటి టేపు అంటించి ఉంది. టేపు వెనక ఎడమకాలిపై నిలబడింది. చేతులు వెనక్కి పోయాయి, ఊపిరి బిగించింది, మళ్లీ వదిలింది. మడమ కొద్దిగా లేచి మళ్లీ నేలకు ఆనింది. నలభై సెకన్లు గడిచాయి. గెంతలేదు. ఆ నలభై సెకన్లలో ఆమె చూపు టేపు మీద లేదు, మోకాలి మీదా లేదు. జిమ్‌కూ కోర్టుకూ మధ్య ఉన్న అద్దాల గోడ వైపు ఉంది. "చూపు మరల్చుకుంటోంది, భయపడే విషయం నుంచి తప్పించుకోవడం" అని నా పుస్తకంలో రాసుకున్నాను. ఆ వ్యాఖ్య తప్పు. ఆ గోడ అవతల ఎవరు నిలబడి చూస్తున్నారో వెతుకుతోందని ఆమే చెప్పేదాకా నాకు తట్టలేదు.

నిద్ర, ఆకలి, చనిపోవాలన్న ఆలోచనలు, వీటన్నిటి గురించీ విడివిడిగా అడిగాను. నిద్ర చెదిరింది, కానీ చికిత్స అవసరమైన కుంగుబాటు కనిపించలేదు. కనిపించి ఉంటే కేసు ముందుగా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లేది. ఈ వడపోత చేయకుండా "తోడు కావాలి" అని మొదలుపెట్టడం ప్రమాదం. జబ్బును ఒంటరితనంగా పొరబడే అవకాశం ఉంది.

ఆట దూరమైతే తానెవరో చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. "నీ గురించి ఆట ఊసెత్తకుండా మూడు మాటలు చెప్పు" అంటే చాలాసేపు ఆలోచించి "ఎత్తుగా ఉంటాను" అంది. తానంటే ఆటే అన్న ఈ భావాన్ని కొలవడానికి 1993 నుంచే ఒక ప్రశ్నావళి వాడుకలో ఉంది. గాయం ముందు వరకు క్రీడాకారిణిని నిలబెట్టేది అదే, గాయం తర్వాత ఎక్కువగా కుంగదీసేదీ అదే.

తోడు గురించి అడిగితే వచ్చిన జవాబు ముందే చెప్పాను. "అందరూ ఉన్నారు మేడం." టిక్కు పెట్టాను.

భయం మీద పెట్టిన ఆరు వారాలు

మొదట భయంతో మొదలుపెట్టాను. అప్పటికి అది సబబైన నిర్ణయమే. ఏసీఎల్ శస్త్రచికిత్సల మీద 2014లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో, ఏదో ఒక స్థాయి ఆటకు తిరిగి వచ్చినవారు 81 శాతం ఉంటే పోటీ స్థాయికి తిరిగి వచ్చినవారు 55 శాతమే. మోకాలు బాగుపడినవారందరూ కోర్టుకు రావడం లేదు, ఆ తేడాలో మనసు వాటా గణనీయం. ఆటకు తిరిగి రావడానికి మనసు ఎంత సిద్ధంగా ఉందో చూసే 12 ప్రశ్నల కొలమానం 2008 నుంచి ఉంది. వందకు ఆమెకు 34 వచ్చాయి.

దిగే క్షణాన్ని కళ్లు మూసుకుని ఊహించడం, పెట్టె మీద నుంచి ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో దిగడం, ఎత్తును కొంచెం కొంచెంగా పెంచడం. ఫిజియో, నేను కలిసి ఆరు వారాలు చేశాం. 34 కాస్తా 41 అయింది. గెంతు 79 శాతానికి వచ్చింది. కానీ సెషన్లు ఎగ్గొట్టడం ఆగలేదు. భయమే అసలు కారణమైతే, భయం తగ్గేకొద్దీ రావడం పెరగాలి. పెరగలేదు. ఎక్కడో లెక్క తప్పిందని అప్పుడు అర్థమైంది. ఎక్కడ తప్పిందన్నది మాత్రం మళ్లీ తప్పుగానే అర్థం చేసుకున్నాను.

పదిహేడు పేర్లు

ఎనిమిదో నెల చివర్లో ఆమె ముందు ఒక తెల్ల కాగితం పెట్టాను. మధ్యలో ఆమె, చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా మూడు వలయాలు. లేకపోతే బతకలేననుకునేవాళ్లు లోపలి వలయంలో, దగ్గరివాళ్లు రెండో దాంట్లో, అవసరానికి ఆదుకునేవాళ్లు మూడో దాంట్లో. 1980లో ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించిన పద్ధతి ఇది. మనిషి జీవితమంతా తనతోపాటు కదిలే ఒక బృందం ఉంటుందన్నది దాని వెనకున్న ఆలోచన.

పావుగంటలో 17 పేర్లు రాసింది. అమ్మ, కోచ్, కెప్టెన్, గదిలో ఉండే ఇద్దరు, జట్టులోని మరికొందరు, ఫిజియో, సర్జన్, పాత స్కూల్ టీచర్. చివర నా పేరు కూడా. నాకు సంతోషమేసింది. తోడు ఉన్నవారికి ఒత్తిడి దెబ్బ నేరుగా తగలదని, మధ్యలో ఆ తోడు మెత్తలా అడ్డుపడుతుందని 1985 నుంచీ మా రంగంలో బాగా స్థిరపడిన వాదన ఒకటి ఉంది. ఇక్కడ మెత్త ఉంది, కానీ దూరంగా ఉంది, దగ్గరికి జరిపితే సరిపోతుంది అనుకున్నాను.

అమ్మ, కోచ్, కెప్టెన్, ఫిజియో, ఆమె, నేను. ఒక సమావేశం ఏర్పాటు చేశాను. అందరూ ఎంత ప్రేమగా మాట్లాడారో! కోచ్ గొంతు వణికింది. "సీజన్ మొదటి మ్యాచ్‌కు నువ్వు ఉండాలమ్మా" అన్నారు. కెప్టెన్ అక్కడికక్కడే ఫోన్లో ఒక గ్రూపు తెరిచింది. రోజూ అందులో ఎవరో ఒకరు ఆమెను పలకరించాలని అనుకున్నాం. "సరేనా?" అని అడిగాను. ఆమె తలూపింది. ఆ తలూపును నేను అంగీకారమనుకున్నాను. ఆరుగురు పెద్దవాళ్లు, తన భవిష్యత్తు చేతిలో ఉన్న వ్యక్తితో సహా, తన కోసం ఒకచోట చేరి కళ్లు తుడుచుకుంటుంటే ఒక 21 ఏళ్ల అమ్మాయి "వద్దు" అని ఎలా అంటుంది?

(రాతప్రతి చదివినప్పుడు ఆమె సరిదిద్దిన మొదటి చోటు ఇదే. "ఆరుగురు కాదు మేడం, నన్ను కలిపి ఆరుగురు. నేను అక్కడ ఉన్నానని అప్పుడు కూడా ఎవరూ లెక్కపెట్టలేదు." వాక్యాన్ని దిద్దకుండా అలాగే ఉంచుతున్నాను.)

రెండు వారాల తర్వాతి సెషన్లో బల్లమీద బోర్లా పెట్టిన ఆమె ఫోను ఆగకుండా అదురుతోంది. చూసుకొమ్మన్నాను. 43 సందేశాలు. బిగించిన పిడికిళ్లు, గుండె బొమ్మలు, "నువ్వు పులివి", "మేమంతా ఎదురుచూస్తున్నాం". ఒక్కొక్క దాని కిందా ఆమె ఒకే జవాబు పెడుతోంది: "థాంక్యూ, రోజురోజుకీ బాగవుతోంది." టైపు కూడా చేయడం లేదు. ఆ వాక్యాన్ని ముందే రాసి దాచుకుంది, వేలితో నొక్కి అతికిస్తోంది. ముఖంలో ఏ కదలికా లేదు. అది నాకు వింతగా అనిపించింది, కానీ అడగలేదు.

తొమ్మిది రోజులు

తొమ్మిదో నెలలో ఒక ఉదయం ఫిజియో మామూలుగా టేపుతో మోకాలి చుట్టుకొలత తీశారు. చిప్ప మధ్యలో ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. గట్టిగా అడిగితే తొమ్మిది రోజులుగా వాపు ఉందని చెప్పింది. ఆ తొమ్మిది రోజులూ దూకుళ్లు మానలేదు. ఈ దశలో వాపు అంటే కీలు "నాకు బరువు ఎక్కువైంది" అని చెబుతున్నట్టు. సకాలంలో చెబితే వారం పాటు బరువు తగ్గిస్తే చాలు. దాచిపెట్టి దూకితే కండరం సరిగా పనిచేయదు, దిగడం అదుపు తప్పుతుంది, కొత్త లిగమెంటు మీద భారం పడుతుంది. మా అదృష్టం బాగుండి స్కానింగులో గ్రాఫ్ట్‌కు ఏమీ కాలేదని తేలింది.

ఆ మధ్యాహ్నం నా గదిలో జరిగిన సంభాషణ ఇది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు మేడం."

"అమ్మకు?"

"అమ్మ రాత్రంతా నిద్రపోదు."

"కోచ్‌గారికి?"

చాలాసేపు మాట్లాడలేదు. "పదిహేను రోజుల్లో లిస్టు వేస్తారు."

"పోనీ, నాకైనా చెప్పాల్సింది కదా."

"మీకు చెబితే మళ్లీ మీటింగ్ పెడతారనుకున్నాను."

ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి అంది: "నా మోకాలు బాగుంటేనే వాళ్ల ముఖాలు బాగుంటాయి మేడం. నేను రోజూ వాళ్ల ముఖాలు చూసుకోవాలి కదా."

అప్పటిదాకా నేను చూస్తున్న బొమ్మ తలకిందులైంది. ఆ పదిహేడు మందీ ఆమెను మోస్తున్నారనుకున్నాను. ఆమే ఆ పదిహేడు మంది ఆశలను మోస్తోంది. నేను పెట్టిన గ్రూపు ఆ మోతకు రోజువారీ హాజరుపట్టీ అయింది. సెషన్లు ఎందుకు ఎగ్గొట్టేదో కూడా ఆ రోజే తెలిసింది. కొలతలు తీసే రోజుల్లోనే రాలేదు. కొలత తీస్తే ఒక అంకె వస్తుంది, సాయంత్రం అమ్మ ఆ అంకె అడుగుతుంది. ఫిజియో 83 అంటే అమ్మకు 88 అని చెప్పేది. మళ్లీ వారం 84 వస్తే 90 చెప్పాలి. అబద్ధం పెరిగేకొద్దీ జిమ్ దూరమైంది.

కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి

మరునాడు ఇంకో కాగితం తీశాను. ఈసారి వలయాలు గీయలేదు, పేర్లు అడగలేదు. కొన్ని సందర్భాలు రాసి పక్కన గీత గీశాను. "జిమ్‌కు వెళ్లడానికి బద్ధకంగా ఉంటే ఎవరు లాక్కెళ్తారు?" "రెండు సలహాలు పొసగకపోతే ఎవరి మాట వింటావు?" "ఆట గురించి ఒక్క మాట కూడా రాకుండా గంటసేపు ఎవరితో కూర్చోగలవు?" "రాత్రి రెండింటికి మోకాలు ఉబ్బిందని తెలిస్తే మొదట ఎవరికి చెబుతావు?"

చివరి గీత ముందు పెన్ను చాలాసేపు ఆగింది. ఆమె ఆ గీతను ఖాళీగానే వదిలేసింది.

తోడును నాలుగు రకాలుగా చూడటం మా రంగంలో పాత విషయమే. బాధ వినేది, ధైర్యం నింపేది, సరైన సమాచారం ఇచ్చేది, చేతి సాయం చేసేది. 2000లో ఉన్నత స్థాయి క్రీడాకారులతో చేసిన ఇంటర్వ్యూల్లోనూ ఈ నాలుగే తేలాయి. ఏ కష్టానికి ఏ రకం తోడు సరిపోతుందో చూసి జతపరచాలని కూడా నాకు తెలుసు, ఇతరులకు పాఠం చెప్పాను కూడా. అయినా ఈ కేసులో పేర్లు లెక్కపెట్టి ఆగిపోయాను. రెండో కాగితం చూస్తే పరిస్థితి ఇదీ: ధైర్యం నింపేవాళ్లు పదమూడు మంది. సలహా ఇచ్చేవాళ్లు ముగ్గురు, ముగ్గురివీ మూడు దారులు. చేతి సాయం ఎవరిదీ లేదు. వినేవాళ్లు ఎవరూ లేరు. పైగా దాదాపు ప్రతి పేరూ ఏదో ఒక దారిలో కోచ్ దగ్గరికి చేరుతుంది. కెప్టెన్‌కు చెబితే కోచ్‌కు తెలుస్తుంది. అమ్మకు చెబితే అమ్మ కంగారుపడి కోచ్‌కే ఫోన్ చేస్తుంది. పదిహేడు పేర్లూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి, ఆ కొక్కెం చేతిలోనే జట్టు లిస్టు ఉంది.

కోచ్ చెడ్డవారని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఎంత మంచివారైనా సరే, ఎంపిక చేసే వ్యక్తికే బలహీనతను మొదట చెప్పాలంటే దానికి ధర ఉంటుంది. ఆ ధర ఆమెకు తెలుసు, మాకు తెలియలేదు.

వాపు సంగతి కోచ్‌కు చెప్పాలా వద్దా అన్నది వెంటనే తేల్చాల్సి వచ్చింది. వాదన రెండువైపులా ఉంది. సాధన మోతాదు మారుతోంది కాబట్టి ఆయనకు తెలియాలి. తొమ్మిది రోజులు దాచిన సంగతి మాత్రం ఆమె మాకు చెప్పుకున్నది, అది బయటికి వెళ్తే ఇక ముందు ఏదీ చెప్పదు. చివరికి ఆ రెండింటినీ విడదీశాం. "మోకాలికి వాపు వచ్చింది, స్కానింగు బాగుంది, రెండు వారాలు దూకుళ్లు లేవు" అన్న వాక్యం ఫిజియో ద్వారా కోచ్‌కు వెళ్లింది. వాక్యాన్ని ఆమే రాసింది. మిగిలింది గదిలోనే ఉండిపోయింది. నా ఆలోచనలో ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడే. తన గురించిన సమాచారం ఎవరికి, ఎంత, ఏ మాటల్లో వెళ్లాలో ఆమె నిర్ణయించడం ఏడేళ్లలో అదే మొదటిసారి.

మార్చినవి

గ్రూపును నేనే మూసేద్దామనుకున్నాను. ఆమె వద్దంది. మూసేస్తే అందరూ నొచ్చుకుంటారు, ఆ నొప్పినీ మళ్లీ తనే మోయాలి. దానికి బదులు తనే ఒక సందేశం పెట్టింది: "ప్రతి ఆదివారం నేనే చెబుతాను. మధ్యలో అడగకండి, నాకు జవాబులు రాయడం కష్టంగా ఉంది." అప్పటికి ఎవరూ నొచ్చుకున్నట్టు కనిపించలేదు. ఇద్దరు జట్టు సభ్యులు విడిగా ఫోన్ చేసి, రోజూ ఏం రాయాలో తెలియక తాము కూడా ఇబ్బంది పడుతున్నామని చెప్పారట.

సలహాలకు ఒకే తలుపు పెట్టాం. వ్యాయామం, నొప్పి, మోతాదు, ఇవన్నీ ఫిజియోవి. సర్జన్, కోచ్ ఏం చెప్పాలన్నా ఆయనకే చెబుతారు. ఇది కాగితం మీద చిన్న మార్పు. ఆమె నిద్ర మీద మాత్రం పెద్ద ప్రభావం చూపింది.

అమ్మతో ఎక్కువ సమయం పట్టింది. ఫోన్లో ఆవిడతో రెండుసార్లు మాట్లాడాను. "ఏమీ చేయలేని దూరంలో ఉన్నాను. అంకె అడగడం తప్ప నా చేతిలో ఏముంది?" అన్నారు. ఆ మాట నిజం. ఆవిడ చేతిలో ఇంకేదైనా పెట్టకుండా అంకెను లాగేసుకోవడం అన్యాయం. కూతుర్నే అడిగాను, అమ్మ నుంచి నీకు ఏం కావాలని. "మామూలుగా మాట్లాడితే చాలు. ఇంట్లో ఏం జరుగుతోందో చెబితే చాలు. నేను లేనప్పుడు కూడా ఆ ఇల్లు నడుస్తోందని తెలిస్తే బాగుంటుంది." ఆ మాటలనే, ఆమె అనుమతితో, అమ్మకు చదివి వినిపించాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాతి వారం నుంచి మోకాలి సంగతి కూతురు ఎత్తితేనే మాట్లాడటం మొదలుపెట్టారు. మూడు వారాల తర్వాత కూతురే తన అసలు అంకె చెప్పింది, 86.

చేతి సాయం విషయంలో పెద్ద ఆర్భాటం చేయలేదు. గదిలో ఉండే ఒక అమ్మాయి తన జిమ్ వేళను మార్చుకుని వారానికి మూడు రోజులు అదే సమయానికి వెళ్లడం మొదలుపెట్టింది. "నీకోసం వస్తున్నాను" అని ఎప్పుడూ అనలేదు. కావాలనే అలా చేయమన్నాను. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద పరీక్షకు సిద్ధమవుతున్నవారూ వారి భాగస్వాములూ రోజూ డైరీ రాశారు. సాయం అందినట్టు పరీక్ష రాసేవారికి తెలియకుండా అందిన రోజుల్లోనే వారి మనసు ఎక్కువ తేలికగా ఉంది. సాయం కనబడితే దాని వెంట రుణభారం కూడా వస్తుంది. ఈ అమ్మాయి అప్పటికే రుణాల్లో మునిగి ఉంది.

ఇక ఖాళీ గీత. అక్కడ మరో తప్పు చేశాను. అదే గాయం నుంచి తిరిగి వచ్చిన ఒక పేరున్న క్రీడాకారిణితో మాట్లాడించాను. ఆవిడ మనసారా మాట్లాడారు, ఏడో నెలలోనే ఆటలో దిగానని చెప్పారు. మా అమ్మాయి అప్పటికి పదో నెలలో ఉంది. ఆ రాత్రంతా లెక్కలు వేసుకుంది. నిజానికి త్వరగా రావడం గొప్ప కాదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం తొమ్మిదో నెల దాకా ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలికి మళ్లీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. ఆ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. గెలిచి వచ్చినవారి కథ, ఇంకా దారిలోనే ఉన్నవారికి కొన్నిసార్లు కొరడాలా తగులుతుంది.

రెండోసారి నేను ఎంచలేదు. ఎలాంటి మనిషి కావాలో ఆమెనే అడిగాను. "నన్ను చూసి ఏమీ ఆశించని మనిషి" అంది. ఫిజియోకు తెలిసిన మరో ఆట మాజీ క్రీడాకారిణి దొరికింది. అదే శస్త్రచికిత్స చేయించుకుంది, పోటీలకు తిరిగి వెళ్లలేదు, ఇప్పుడు వేరే ఉద్యోగం చేస్తోంది. తిరిగి వెళ్లని మనిషిని పరిచయం చేయడం మంచిదేనా అని ఫిజియోకు, నాకు చాలా చర్చ జరిగింది. ఆయనకు అనుమానం, నాకు భయం. అయినా ముందుకు వెళ్లాం, ఎందుకంటే ఆమె అడిగిన మనిషి అచ్చంగా ఆవిడే. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, అడగలేదు. ఒక్క మాట మాత్రం ఆమె తనంతట తానే చెప్పింది: "అక్క ఆట మానేసింది, కానీ బాగానే ఉంది మేడం." ఆ తర్వాతి పరీక్షలో టేపు వెనక నలభై సెకన్లు నిలబడలేదు. ఊపిరి తీసుకుంది, గెంతింది. ఆట పోతే తాను కూడా పోతానన్న భయం అన్నాళ్లూ మోకాలి భయంలా కనిపించిందని నేను ఇప్పుడు అనుకుంటున్నాను. నిరూపించలేను.

పదకొండో నెలలో కోచ్ ఆమెకు చిన్నపిల్లల బృందానికి విసరడం నేర్పే పని ఇచ్చారు. ఆ ఆలోచన పూర్తిగా ఆయనదే. ఏడాదిగా తీసుకుంటూనే ఉన్న మనిషి చేతికి ఇవ్వడానికి ఏదో ఒకటి దొరికింది. నేను చేసిన చాలా పనులకన్నా అది బాగా పనిచేసింది.

కోచ్ గురించి

ఆయనతో ఒక సాయంత్రం విడిగా కూర్చున్నాను. పాత్రలను విడదీయాలని, ఎంపిక నిర్ణయం మోకాలి కొలతల మీదే ఆధారపడుతుందని ఆమెకు రాతపూర్వకంగా చెప్పాలని అడగడానికి వెళ్లాను. ఒప్పుకున్నారు. వాపు వచ్చినా చెప్పినందుకు చోటు పోదని, ఏ కొలతలు దాటితే పరిశీలిస్తారో అంకెలతో సహా ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. బలం, గెంతు రెండూ 90 శాతం దాటాలి. "మొదటి మ్యాచ్" అన్న మాట వెనక్కి తీసుకున్నారు.

లేవబోతుంటే అన్నారు: "ఆ రోజు సాధన పావుగంట పొడిగించింది నేనే. అలిసిపోయారని తెలుసు." ఏడాదిగా ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆమె ముఖంలో వెతికింది తనకు క్షమాపణ దొరుకుతుందా అని. అందుకే "బాగున్నావా" అన్న ప్రతిసారీ ఆ గొంతులో ఒక వేడుకోలు ఉండేది, అది ఆమెకు వినిపించేది. క్రీడాకారిణి చుట్టూ తోడు ఉందా అని చూశాం గానీ, ఆ తోడుగా నిలబడినవాళ్లకు ఎవరున్నారో ఎవరం చూడలేదు. కోచ్ ఇప్పుడు వేరే నిపుణుడితో మాట్లాడుతున్నారు. నేను కాకుండా వేరొకరు ఉండటం అవసరమని ఇద్దరం అనుకున్నాం.

అన్నీ సర్దుకోలేదు. కెప్టెన్‌తో స్నేహం మునుపటిలా లేదు. సందేశాలు ఆపమన్నది కెప్టెన్ మనసులో ఎక్కడో గుచ్చుకుంది. జట్టు ఖాళీ మంచాలు వదిలి ప్రయాణమైన రాత్రుల్లో నిద్ర ఇప్పటికీ సరిగా పట్టదు.

ఇప్పుడు వేరేగా చేసేవి

మొదటి పరిచయంలో "ఎవరున్నారు" అన్న ప్రశ్న మానేశాను. "చెడ్డవార్త మొదట ఎవరికి చెబుతావు, చెబితే నీకు ఏం నష్టం" అని అడుగుతున్నాను. రెండో సగం లేకుండా మొదటి సగం పనికిరాదు. ఎంపిక అధికారం ఉన్న వ్యక్తి పేరు ఆ జవాబులో ఒక్కటే ఉంటే, మిగతా పని ఏదీ మొదలుపెట్టకముందే రెండో మనిషిని వెతుకుతాను. క్రీడాకారిణి ఎదుట అందరినీ కూర్చోబెట్టే సమావేశాలు పెట్టడం లేదు. పెట్టాల్సి వస్తే ముందురోజు ఆమెతో ఒంటరిగా మాట్లాడి, ఎవరు రావాలో, ఏ మాట రాకూడదో ఆమె చేతే రాయిస్తున్నాను. ఎవరి ఉత్సాహమైనా కొంచెం ఎక్కువగా కనిపిస్తే, ఆ మనిషి ఏ భయాన్ని కప్పుకుంటున్నారో ఆలోచిస్తున్నాను.

వాపును కొలతపట్టీతో పట్టుకున్నది ఫిజియో. నేనూ, నా ప్రశ్నావళులూ కాదు. ఒళ్లు దాచలేనిదాన్ని మనసు దాచగలదు కాబట్టి, మా ఇద్దరి పుస్తకాలూ వారానికోసారి పక్కపక్కన పెట్టుకుని చూసుకోవడం ఇప్పుడు మా ఇద్దరికీ నియమం.

తర్వాత

పన్నెండో నెలలో బలం 94 శాతం, గెంతు 93. మానసిక సంసిద్ధత 72. పూర్తి సాధనకు వెళ్లింది. పద్నాలుగో నెలలో ఒక మ్యాచ్‌లో పదకొండు నిమిషాలు ఆడింది. ఆ ఆదివారం గ్రూపులో తన పాత వాక్యం అతికించలేదు. "భయమేసింది. రెండు షాట్లు పోయాయి. ఒకటి పడింది" అని రాసింది. ఆమె సరిదిద్దిన రెండో చోటు ఇది, నేను రెండు పడ్డాయని రాశాను.

పదహారో నెలలో వరుసగా రెండు రోజులు మ్యాచ్‌లు పడ్డాయి. రెండో మ్యాచ్ ముగిసిన నలభై నిమిషాలకు ఫిజియో ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఆయన దాన్ని నాకు చూపించారు: "ఉబ్బింది. నొప్పి లేదు. అక్కకూ అమ్మకూ చెప్పాను, కోచ్‌గారికి రేపు చెబుతాను. పొద్దున్నే రానా?"